శేషం

ఒండాంగ్వా, నమీబియా. 1990, చలికాలం.

నా బల్లకి ఎదురుగా ఉన్నది కుర్చీ కాదు,
వెళ్ళిపోయిన సైన్యం వదిలేసిన తూటాల పెట్టె.
ఆ అబ్బాయి దాని మీద కూర్చోడు.
గోడకి వీపు ఆనించి, తలుపు కనపడేలా నిలబడతాడు.
మూడు వారాలు పట్టింది నాకు, సిగ్గుతోనే చెబుతున్నాను,
పెట్టె మీది తెల్ల అక్షరాలు వాడికీ చదవడం వచ్చని తోచడానికి.
ఇంటినుంచి ఆకుల చాప తెచ్చి కప్పాను.
అయినా నిలబడే ఉన్నాడు.

ఫారం నింపేది నేను. ప్రశ్నలు రాజధానివి.
పేరు: హఫేని.
వయసు: పదహారు, పక్కన ప్రశ్నార్థకం.
ఎక్కడి నుంచి తిరిగి వచ్చాడు: క్యూబా.
"తిరిగి" దగ్గర ప్రతిసారీ నా కలం మొరాయిస్తుంది.
తల్లి కడుపులో ఉండగా సరిహద్దు దాటినవాడు
తిరిగి రావడమేమిటి?

వాడి నోట మా భాష నాలుగేళ్ళ వయసులోనే ఆగిపోయింది,
ఓడెక్కిన రోజున:
నీళ్ళు, అమ్మ, పరిగెత్తు.
నా స్పానిష్ మూడు మాటలు, అవీ వాడు నేర్పినవే.
ఇంగ్లీషు ఇద్దరికీ అరువు చెప్పులు,
నన్ను కరుస్తాయి, వాడికి జారతాయి.

పెద్దమ్మ వచ్చి మొర పెట్టుకుంటుంది:
పశువుల్ని పేరు పెట్టి పిలవడం రాదు,
తిన్న పళ్ళెం తనే కడుగుతాడు, ఇరుగుపొరుగు నవ్వుతున్నారు,
గుక్కెడు నీళ్ళిచ్చినా థాంక్స్ అంటాడు, చుట్టపుచూపుగా వచ్చినట్టు.
"మేమిక్కడ కర్ఫ్యూలో దీపమార్పి సజ్జలు దంచుకుంటుంటే
వీళ్ళు ద్వీపంలో కూర్చుని బత్తాయిలు తిన్నారట."
వాడికెంత అర్థమైందో, అరచేతులు రెండూ చాపాడు.
కోసిన చేతులు. సగం పూట బడి, సగం పూట తోట.
ఆమె చూసింది. ఏమీ అనలేదు.
పోతూ పోతూ వాడి చొక్కా కాలరు సరిచేసింది,
కోపంగానే.

జేబులోంచి నాలుగు మడతల కాగితం తీశాడు ఆ వేళ.
భాగహారాలు. పదికి సున్నా.
వాడు భాజకాన్ని కుడిపక్క రాస్తాడు,
చిన్న మూల గీసి, దాని కింద లబ్ధం పేరుస్తాడు.
లాంతరు పెట్టుకుని రాత్రి ఒక్కొక్కటీ మా పద్ధతిలో చేసి చూశాను.
పదీ ఒప్పే. శేషాలతో సహా.

లెక్కల మాస్టారు షివూతే ఇంటికి నడిచాను.
కంచె దగ్గరే నిలబెట్టి మాట్లాడాడు.
"జవాబు ఎవరైనా తెస్తారమ్మా. దారి ఏదీ?"
దారే కదా సార్, అన్నాను,
వీళ్ళందరి గొడవా.
ఆయన కాగితాన్ని వెలుతురుకి పట్టుకున్నాడు.
చాలాసేపు. లెక్కలు చూడ్డంలేదని అప్పటికి తెలిసింది.
"మావాడూ వెళ్ళాడు," అన్నాడు. "తంగేని. ఎడమ చేత్తో రాసేవాడు.
నీ ఫారాల్లో ఎక్కడైనా ఉన్నాడా?"

లేడు. నా దగ్గరున్నవి వచ్చినవాళ్ళ కాగితాలే.
రాని పిల్లలకి గడి లేదు.
ఫారం వెనక పేరు రాసుకున్నాను, ఎడమ చేయి అని కూడా.
సున్నా మాత్రం ఆయన కొట్టెయ్యలేదు.

మర్నాడు హఫేనిని అడిగాను. అడగొచ్చో లేదో తెలియకుండానే.
కళ్ళు మూసుకున్నాడు.
నిద్రశాలలో మంచాలు వరసగా లెక్కపెడుతున్నాడు వేళ్ళ మీద,
ఒక్కో మంచానికి ఒక్కో పేరు,
కిటికీ వైపు వరస, గోడ వైపు వరస,
మధ్యలో ఎక్కడో కాళ్ళు లాగినట్టున్నాయి,
చాప మీద కూర్చున్నాడు.

నలభై మంచాలు. తంగేని లేడు.

నేను కలం మూత తిప్పుతూ
మాస్టారికి ఈ సంగతి ఎలా మోసుకెళ్ళాలా అని చూస్తుంటే
"నేను చెప్తుంది," అన్నాడు, మా భాషలోనే,
నాలుగేళ్ళ పిల్లాడి వ్యాకరణంతో.
"నేను పోతుంది. మాస్టారికి. నేను."

దిద్దలేదు.
వాడు లేచి వెళ్ళాక పెట్టె మీద
చాప ఒక పక్క నలిగి ఉంది.