పైడికంటి

మెనాషా డ్యామ్ దిగువన, ఏడుంబావు.
జనవరి చివరి శనివారం ఇంకా తెల్లారలేదు.
కాగితం మిల్లు ఆవిరి
నదిమీదకి వంగి ఏదో వెతుక్కుంటోంది.
రాత్రి డ్యూటీ దిగి నేరుగా వచ్చాను,
చేతులకింకా గుజ్జు వాసన.

గోర్డన్ వాండెహే నాకంటే ముందే వచ్చాడు.
ఎనభై ఒకటి నిండాయి. మెడలో బైనాక్యులర్స్,
కోటు లోపల, గుండెకి ఆనించుకుని పెన్సిలు.
పెన్నయితే సిరా గడ్డకడుతుందట.
"ముందు చెవులు," అంటాడు, "కళ్ళు తర్వాత."

టోపీ ఎత్తి ఒక చెవిని చలికి అప్పగించాను.

ఈల.
నీటికి జానెడు ఎత్తున, గుంపుగా ఈల,
గొంతుల్లోంచి కాదు, రెక్కల్లోంచి.
నలుపూ తెలుపూ బాతులు,
చెంపమీద సున్నపు బొట్టు,
కళ్ళు మాత్రం అప్పుడే కరిగించినట్టు పసుపు.
"గోల్డెన్‌ఐ," గీతలు గీస్తున్నాడు గోర్డన్,
నాలుగు నిలువు, ఐదోది అడ్డం.
"మీ భాషలో ఏమంటారు?"

మా భాష వీటిని చూసి ఉండదు.
అయినా అడిగిన మనిషికి లేదని ఎలా చెప్పను?
బంగారాన్ని పైడి చేసి, పక్కన కన్ను తగిలించి
పైడికంటి, అన్నాను.
అని, నాలుక కరుచుకున్నాను.
అది గుడ్లగూబ పేరు.
అసలు పేరు పలికితే వచ్చి చూరుమీద వాలుతుందని
మా మేనత్త గొంతు తగ్గించి వాడే పేరు.
చెబితే నవ్వాడు, మీసం మీద మంచు రాలింది.
"పిలిచేశావుగా, ఇంక చేసేదేముంది."

పైడికళ్ళ బాతులు అరవై మూడు.
చెత్త దిబ్బ దగ్గర సముద్రపు కాకులు
నాలుగొందలు, ఆ పైన విసుగు.
కాటన్‌వుడ్ కొమ్మమీద తెల్లతల గద్దలు రెండు,
భోజనం ఆలస్యమైన పెళ్ళివారిలా.

నది పారుతోంది గానీ సరస్సు తలుపేసుకుంది.
విన్నెబేగో మీద ఇప్పుడు రోడ్డు:
వాడేసిన క్రిస్మస్ చెట్లు వరసగా పాతారు,
వాటి మధ్యనుంచి పికప్ ట్రక్కులు
చేపల గుడిసెలకి వెళ్తున్నాయి.
ఒడ్డుకి కాస్త దూరంలో, అడుగున ఊట ఉన్నచోట
బాణలెడు నీళ్ళు మిగిలాయి.
అందులో, గుండ్రంగా తిరుగుతూ, ఒక నల్లటి పిట్ట.
నుదుట తెల్ల బిళ్ళ.

దీనికి పేరుంది!
బొల్లికోడి. దీని చుట్టాలు కొల్లేట్లో
లెక్కపెట్టేవాణ్ణి ఏడిపించేటన్ని.
ఇక్కడ ఒక్కటి.
ఆగితే నీళ్ళు మూసుకుంటాయి కనక
ఆగకుండా ఈదుతోంది.

ఏమైనా చెయ్యగలమా, అన్నాను.
"అక్కడ మంచు రెండంగుళాలు," అన్నాడు గోర్డన్. "నీ బరువెంత?"
కాగితం మీద ఒకటి వేసుకున్నాడు.
అంత నిటారైన ఒకటిని నేనెప్పుడూ చూడలేదు.

నాలుగున్నరకి మళ్ళీ అటే వచ్చాం.
ఎవరూ అనుకుని రాలేదు, కారు తిరిగింది.
గద్దలు ఆ కొమ్మమీదే ఉన్నాయి, రెండూ.
బాణలి ఉన్నచోట కొత్త గాజు, లేత బూడిద రంగు,
గాలికి దానిమీద పొడి మంచు జారుతోంది.
రక్తం లేదు, ఈకా లేదు. ఎగిరిపోయిందేమో.
ఎగరాలంటే దానికి బారెడు నీళ్ళ పరుగు కావాలి.
ఆ మాట ఇద్దరికీ తెలుసు.

దగ్గరి గుడిసె కప్పుమీద
ఎవరో మరిచిన మంచు ముద్ద.
అది తల తిప్పింది.

కళ్ళు తెరిచింది.

చాలాసేపు మా ఊపిరే మాకు అడ్డొచ్చింది.
గోర్డన్ వేళ్ళు అప్పటికి వంగడం మానేశాయి,
పెన్సిలు నా చేతికిచ్చాడు.
మంచు గుడ్లగూబ, ఒకటి, అని వేశాను.
పైన బొల్లికోడి పక్కనున్న ఒకటిమీద
పెన్సిలు ఆగింది. చెరపనా, అని అడగలేదు,
అయినా విన్నాడు.
"పొద్దున ఉందిగా," అన్నాడు.

పెన్సిలు వెచ్చగా ఉంది, రోజంతా
ఆయన చొక్కా కింద ఉండి.
ఇచ్చేద్దామని చెయ్యి చాపి
కాసేపు అలాగే పట్టుకున్నాను.