మూడడుగుల లోతు

ఎస్టిమేటులో ఐదడుగులు.
మా ఎర్రబండపల్లె నేలలో
రెండో అడుక్కే గడ్డపార మొన వంగిపోతుంది.
మూడో అడుక్కి మేస్త్రీ కూడా చాలనుకుంటాడు.
కెంచక్క చాలనుకోలేదు, కొలతకు కూలి కదా.
బండ మింద కట్టెలేసి కాల్చి
నీళ్లు చల్లి
పగిలినంత మటుకు పెరికింది.

మూడేండ్ల కిందటి మాట.
కంబదూరు రోడ్డు నుంచి పంచాయతీ ఆఫీసు దాకా
నల్ల పైపు, దాని లోపల ఎంట్రుకంత గాజు.
దీంట్లో వెలుతురు పోతుందంట అని ఎవరో అంటే
కెంచక్క పైపు మొన కంటికి ఆనించుకుని చూసింది.
"చీకటే ఉందిలే" అనింది.
మళ్లీ పార అందుకునింది.

నేను సచివాలయంలో డిజిటల్ అసిస్టెంటుని.
నా డిజిటల్ అంతా గుట్ట మిందే.
రేషన్ డీలరు మిషను సంకన పెట్టుకుని గుట్ట ఎక్కుతాడు,
ఆయన ఎనక ముసలోళ్లు,
అరిగిపోయిన బొటనవేళ్లు ఎత్తుకుని.
ఉపాధి మేటు నాగలింగం పొద్దున తీసిన ఫోటో
పొద్దు గూకినాక ఎక్కిస్తాడు,
ఎక్కకపోతే ఆ దినం ఊర్లో ఎవరూ పని చేయనట్టే.

పంచాయతీ గోడకు మాత్రం
తాళమేసిన ఇనుప పెట్టె.
ప్రారంభం నాడు పచ్చలైటు వెలిగింది,
దాని పక్కన నిలబడి అందరూ ఫోటోలు దిగినారు.
నాలుగో దినం ఎర్రలైటు.
తర్వాత అదీ లేదు.
లోపల బల్లి గుడ్లు పెట్టింది,
పిల్లలై అవి కూడా యాడికో పోయినాయి.
కాగితాల్లో మాది
అనుసంధానమైన గ్రామం.

ఇంటింటికీ సబ్సిడీ కనెక్షనని ఆర్డరొచ్చింది.
దరఖాస్తు ఆన్‌లైన్‌లోనే పెట్టాలంట.
దాన్ని నాలుగు మడతలు పెట్టి
నా కుర్చీ కాలు కింద దోపినా.
కుర్చీ ఊగడం మానింది.
ఆ పథకంతో మా ఊరికి జరిగిన మేలు
ఇప్పటికైతే అంతే.

పోయిన నెల అనంతపురం నుంచి రహంతుల్లా వచ్చినాడు,
గొంతు తగ్గించి మాట్లాడే మనిషి,
భుజానికి ఒక మిషను.
పదిహేడు వందల మీటర్ల కాడ తెగిందని మిషను చెప్పింది.
మ్యాపులో లైను తాడు లాగినట్టు తిన్నగా ఉంది.
మ్యాపులో వంక లేదు,
వంక సుట్టూరా తిరిగిన ఆడోళ్లు లేరు.
రెండు దినాలు, మూడు గుంతలు:
బండ,
ఇంకా బండ,
ఎవరిదో తెగిన చెప్పు.

మూడో దినం మేకల్ని తోలుకుపోతా
కెంచక్క నిలబడింది.
"ఏం పోగొట్టుకున్నారప్పా?"

చెప్పినాక
మేకల కర్ర నా చేతికిచ్చి నడిచింది.
అడుగులు లెక్కపెట్టలేదు.
"ఈడ నా కాలిబొటనేలు గోరు ఊడింది.
ఈడ మా కోడలికి నొప్పులొస్తే
గంపలు ఆడనే పారేసి ఎత్తకపోయినాం.
ఈడ, ఇదో,
బండ పగల్లేదు. పైపైన పూడ్సమన్నాడు మేస్త్రీ.
వద్దప్పా అంటే
నీకేం తెలుసు అన్న్యాడు."

రహంతుల్లా చేత్తోనే మన్ను తీసినాడు.
జానెడు లోతులో
నీళ్ల పైపుకోసం వచ్చిన జేసీబీ పన్ను గాటు.

కంట్లో నలుసు తీసేటట్టు
ఊపిరి బిగబట్టి గాజుపోగుల్ని కలిపినాడు.
పంచాయతీలో పచ్చలైటు వెలిగింది.
ఈసారి ఫోటోకు ఎవరూ రాలేదు.

గడప బయటే నిలబడి కెంచక్క అడిగింది:
"కాలవ తవ్విన కూలి, పదకొండు దినాలది,
బ్యాంకులో పడుతుందని
ఆధారు నంబరు రాసుకునిపోయినారు కదా,
ఒకతూరి సూడు నాయినా."

ఎన్నితూర్లు చూసినానో గుట్ట మింద.
చక్రం తిరిగి తిరిగి ఆగిపోయేది,
రేపు చూద్దాంలే అని ఇద్దరం దిగి వచ్చేవాళ్లం.
తిరిగే చక్రంలో
ఎంతో కొంత ఆశ ఉండేదని ఇప్పుడు తెలుస్తుంది.

నంబరు కొట్టి చెయ్యి తీసేలోపలే
పేజీ తెరుచుకునింది.
వివరాలు లేవు.

చదివి చెప్పినా.

ఆమె తన కర్ర తాను తీసుకుని
"ఎంత బిన్నా చెప్పిందప్పా!" అనింది.
మేకలు అప్పటికే వంక దిగినాయి.