తరుగు

హైదరాబాదు నుంచి వచ్చింది, ముప్పై రెండు పేజీల ఇంగ్లీషు.
అట్ట మీద రెండు చేతులు కలుపుకున్న బొమ్మ.
"తెలుగులో పెట్టండి, గోడకి పట్టేటంత"
అన్నారు కొత్తమాసు వారు.
జర్మనీ వాడు అడిగాడట,
మీ కొట్లో నీతికి రాతకోతలున్నాయా అని.

మార్చి నెల. గుంటూరు యార్డులో
ఊపిరి తీస్తే తుమ్ము, తుడుచుకుంటే కన్ను మంట.
ఇరవై ఆరేళ్ళు పద్దులు రాశాను ఈ కొట్లో,
ఈ మాటకి మాత్రం పద్దు లేదు.

"పారదర్శకత" అని రాశాను.
తొడిమలు తీసే కరుణమ్మ కూడబలుక్కుని చదివి
"అద్దమా అయ్యా?" అంది.
కొట్టేశాను.
"కాటా మీద చెయ్యి ఉండకూడదు" అన్నాను.
ఆమె తలూపింది,
మంటెక్కిన వేళ్ళు మజ్జిగ గిన్నెలో ముంచుకుంటూ.

ఆ తర్వాత తేలికైంది.
మచ్చుకి తీసిన కాయ మళ్ళీ బస్తాలోకే పోవాలి.
తాలుని తాలనాలి, ఎర్రకాయని తాలనకూడదు.
తేమ చూసే మిషను మొహం రైతు వైపు ఉండాలి.
బస్తాకి కిలో తరుగు, అని మొదలుపెట్టానో లేదో
"అది ఎత్తకండి, అది ఆచారం" అన్నారు షావుకారు.
ఎత్తలేదు.

కాటా నాగూర్ మీరా, చెవి వెనక బీడీతో, అంతా విని
"బానే ఉంది.
తప్పు చూసి నోరిప్పినోడి కూలి పోదని
ఎక్కడ రాశావు?" అన్నాడు.
ఉంది అది, ఇరవై తొమ్మిదో పేజీలో, చీమ తలంత అక్షరాల్లో.
"పైకి తే. దాని కిందే అయ్యగారి సంతకం."

మూడు రోజులు ఆ కాగితం
షావుకారు బల్ల మీద, పాత తూకపు రాయి కింద ఉంది.
నాలుగో రోజు చేశారు సంతకం,
బ్యాంకు చెక్కు మీద చేసేదే, పొడుగుది.

కానుకల దగ్గర ఆగింది నా కలం.
దీపావళికి లారీ ఆఫీసు వాళ్ళ స్వీటు పెట్టె,
కాజాల కింద కవరు, రెండు వేలు.
మా ఆవిడ అడగలేదు, నేను చెప్పలేదు.
"ఎవరి దగ్గరా ఏమీ పుచ్చుకోరాదు" అని
గుండ్రంగా రాశాను.
నా దస్తూరి ఎప్పుడూ బాగుంటుంది.

ఏప్రిల్లో, చుట్టుగుంట దాకా ట్రాక్టర్లు ఆగిన పూట
నాగూర్ మీరా తూకం ఆపేశాడు.
"బస్తాకి మూడొందల గ్రాములు మింగుతోంది."
ఎవరూ తిప్పలేదు, దుమ్ము పట్టి దానంతటదే.
మింగింది మాత్రం మన వైపుకే.
షావుకారి బావమరిది వచ్చి
"సాయంత్రం చూద్దాంలే, కానీ" అన్నాడు.
మీరా గోడ చూపించలేదు, ఏమీ అనలేదు.
తనే కాటా ఎక్కి కూర్చున్నాడు.

షావుకారు వచ్చారు. బోర్డు చదివారు,
తను రాయించిందే, ఎవరిదో ఉత్తరంలా.
"ఎన్నాళ్ళ నుంచి?"
పన్నెండు రోజులు. నలభై ఒక్కమంది రైతులు.
"లెక్క కట్టండి."
పన్ను పీకించుకున్నట్టు వచ్చిందా మాట.

ఫోన్లు నేనే చేశాను.
క్రోసూరు ఆయన పెట్టేశాడు.
పెదకూరపాడు ఆయన "ఇందులో మెలికేంటి?" అన్నాడు.
నకరికల్లు నుంచి ఒకావిడ
"మాకు రావాల్సిందా? మీరే చేశారా ఫోను?" అని
రెండుసార్లు అడిగి
ఆనక చాలాసేపు ఊరుకుంది.
పెట్టేయలేదు, ఊరుకుంది.

మీరాతో బావమరిది మాటలు మానేశాడు.
శనివారం కూలి శనివారమే అందింది.
నా ఎదుటే లెక్కపెట్టుకున్నాడు, రెండుసార్లు.

ఇవాళ బోర్డంతా కారం దుమ్ము.
కరుణమ్మ కొంగుతో తుడిచి తుమ్మింది.
కొట్టు కట్టే వేళ
జేబులోంచి రెండు వేలు తీసి గల్లాలో వేశాను.
చిట్టా తెరిచి తేదీ వేశాను.
ఏ పద్దు కింద రాయను?
రాయకుండా వేస్తే అదీ దొంగ లెక్కే.

"ఇంకా ఏంటండీ?" అన్నారు షావుకారు,
లైటార్పడానికి లేచి.
"తరుగు" అన్నాను.
ఆయన చెయ్యి స్విచ్చి మీదే ఉండిపోయింది.