ఒంటి బూటు

ఇక్కడ ఊళ్ళన్నీ గుట్టల నెత్తినే.
ఎనిమిది వందల ఏళ్ళ కిందట
ఎవరో ఎవరికో భయపడి
రాళ్ళు మోసుకుంటూ పైకెక్కి గోడ కట్టుకున్నారు.
ఆ భయానికి శిస్తు
ఇప్పుడు నా మోకాళ్ళు కడుతున్నాయి.

ఎర్సీలియా నా ఆడపడుచు.
నాకంటే మూడేళ్ళు పెద్ద, పది కిలోలు తేలిక.
ముందు పోతూ, వెనక్కి చూడకుండా మాట్లాడుతుంది.
గాలి తిన్నంత తినేశాక
మిగిలిన మాటలకు నేను ఊకొడతాను.
"...గేరు మార్చు..."
"...మా అన్నయ్యైతే ఈపాటికి..."
ఈపాటికి ఏమిటో ఆ పొద్దుతిరుగుడు చేనుకే తెలియాలి.
ఆ అన్నయ్య ఇంట్లో
నడుముకు వేడినీళ్ళ సంచి కట్టుకుని
టీవీలో సైకిలు పందెం చూస్తున్నాడు.

నేల ఇక్కడ కుదురుగా ఉండదు.
దుప్పటి దులుపుతూ ఎవరో పిలిస్తే వదిలేసి వెళ్ళినట్టు
లేచినచోట లేచి, పడినచోట పడి.
కోసేసిన గోధుమ మోళ్ళు,
పక్కనే దున్నిన బూడిదరంగు బంకమట్టి,
దాని మీద పేనులా పాకే ఒక్క ట్రాక్టరు.
పల్లంలో సంపాదించిన వేగమంతా
మిట్ట మొదట్లోనే ఖర్చయిపోతుంది.
ఏ మిట్టకైనా చివరి వంద గజాలూ
అప్పు చేసి ఎక్కాల్సిందే.

పెత్రాల్తా మలుపులో నా టైరు చీలింది.
ట్యూబయితే అతుకు వేసుకునేదాన్ని.
టైరే. చీలికలోంచి ట్యూబు
బొడ్డులా ఉబ్బి బయటకు చూసింది.
తోసుకుంటూ నడిచాం.
ఊరి ద్వారం ఒక్క గుర్రం పట్టేంత,
శత్రువు వస్తే ఒక్కొక్కడే రావాలని.
మేమూ ఒక్కొక్కరమే వచ్చాం,
సంచులు రాళ్ళకు రాసుకుంటూ, చేతుల నిండా మడ్డితో.
పైనుంచి ఎవరూ కాగిన నూనె పోయలేదు.
ఒక ముసలమ్మ మాత్రం కిటికీలోంచి
"ఆదివారం. ఏదీ తెరిచి ఉండదు" అంది.

తెరిచి ఉన్నది డువీలియో తలుపు.
బూట్లు కుడతాడు. ఎనభై ఏడేళ్ళు.
ఊళ్ళో నలభై ముగ్గురు.
"అంటే ఎనభై ఆరు పాదాలు" అంది ఎర్సీలియా, లెక్కల టీచరు.
"ఎనభై అయిదు. రొమోలోది ఒకటి కొయ్యకాలు."

టైరు ఒళ్ళో పెట్టుకుని చీలికను బొటనవేలితో నొక్కాడు,
ఎక్కడ నొప్పి అని అడిగినట్టు.
వెనక అరల్లో బూట్లు.
బాగుచేయమని ఇచ్చి, తీసుకెళ్ళని వాళ్ళవి.
ఒక్కో జతకూ దారంతో ఒక చీటీ.
ఒక గోధుమరంగు జత దించి దుమ్ము ఊదాడు.
"సెత్తిమ్బ్రీనో. మడమలు. మార్చి, యాభై అయిదు.
ఇది మా నాన్న రాత.
బెల్జియం గనులకు పోతున్నానని చెప్పలేదు,
శనివారం వస్తానన్నాడు."
కత్తికి పదును పెడుతూ గోడమీది క్యాలెండరు చూశాడు.
"ఒక్కరోజే కదా ఆలస్యం."

బూటు నాలుక కోశాడు.
అంచులు చెక్కి పలచన చేసి
చీలిక వెనక ఒత్తి, బంక పూసి,
ఆరేదాకా మాకు పుల్లటి వైను పోశాడు.
డబ్బు తీసుకోలేదు.
చీటీ వెనక పెన్సిలుతో ఏదో రాసి
మళ్ళీ ఆ జతకే కట్టాడు.
నా కళ్ళజోడు సంచి అడుగున ఉంది. చదవలేకపోయాను.

దిగుతున్నాం.
చక్రం తిరిగిన ప్రతిసారీ
ఆ ఉబ్బు తారుకు తగిలి టక్.
మళ్ళీ టక్.
ఒంటికాలి నడక.
బ్రేకు వదిలాను.
అతను పరుగందుకున్నాడు.
ద్రాక్ష పందిళ్ళు, మూతపడిన పిండిమర,
తలుపులేని చిన్న చర్చి,
అన్నీ వెనక్కి.
ఎర్సీలియాను మొదటిసారి దాటేశాను.
"ఎవరది నీతో?" అని అరిచింది.
గాలి తినగా మిగిలింది
నాకు అలా వినిపించిందేమో.

కింద వంతెన దగ్గర ఆగాను. అతనూ ఆగాడు.
ఏట్లో నీళ్ళు లేవు, రాళ్ళున్నాయి.
ఎదురుగా మళ్ళీ గుట్ట,
దాని నెత్తిన మళ్ళీ ఎవరిదో భయం,
సాయంత్రపు ఎండలో ఎర్రగా.

గేరు మార్చాను.
టక్.
చాలాసేపటికి,
టక్.