పేర్ల పట్టీ

మబ్బుల నాలుగింటికి ఫోను మోగింది.
ఎనుమాముల మార్కెట్ల నుంచి గట్టయ్య:
"మేడం, తూకం యాప్ పడిపోయింది.
తెరుస్తున్న, మళ్ల పడుతున్నది.
మిర్చి బండ్లు గేటు కాడి నుంచి రోడ్డు దాక నిలబడ్డయి."

హన్మకొండల అద్దె గది.
మంచం మీదనే లాప్‌టాప్ తెరిచిన.
రిపోర్టు వచ్చి ఉన్నది, ఇరవై ఏడు వరుసలు.
ఏ.బీ.సీ దగ్గర పడ్డది.
దాన్ని పిలిచింది బీ.ఏ.ఏ.
దాన్ని పిలిచింది ఇంకో ఏ.
మూలం: తెలియదు.

ఇది మేం చేసిందే.
కోడు ఎవడన్న ఎత్తుకపోతడని
బయటికి పంపే ముందు ప్రతి పేరునూ
ఒక్క అక్షరానికి కుదించినం.
దొంగ కోసం కట్టిన గోడకు
మాకు సుత ఒక దర్వాజ పెట్టుకోవాలె గద.

మార్కెట్ల హమాలీలకు బిళ్లలుంటయి.
"నూటపదహారూ, ఇటు రా. నలభై రెండూ, ఎత్తు."
పొద్దంతా అంకెలే బస్తాలు మోస్తయి.
పొద్దుమీకి కూలి పంచేటప్పుడు
మేస్త్రీ నూనె మరకల నోటుబుక్కు తీస్తడు,
అండ్ల నలభై రెండు అంటే కొమురెల్లి,
చిన్న బిడ్డకు జరమని అడ్వాన్సు తీస్కున్న కొమురెల్లి.

మా నోటుబుక్కు యాకూబ్‌కే ఎరుక.
నిరుడు కొలువు ఇడిసిపెట్టి
కాజీపేటల టిఫిన్ సెంటర్ పెట్టిండు.
ఒక్క రింగుకే ఎత్తిండు,
ఎనుక గ్రైండర్ల పిండి తిరుగుతున్న చప్పుడు.
"పాత సర్వర్ల చూడు. విడుదల నంబరు మీద ఫోల్డర్లున్నయి.
నంబరు కలవాలె సుమా.
కలవకుంటే గూడ పేర్లు చెప్తది, మంచిగ నవ్వుకుంట చెప్తది."

తొందరల అరవై రెండోది పెట్టిన.
తూకం పడ్డ చోట "భాష మార్చు" అని వచ్చింది,
దాని కింద "ఫోటో తిప్పు."
అక్షరాలన్నీ పేర్లయినయి,
ఒక్కటీ నిజం కాదు.
అర్ధగంట ఆ అబద్ధం ఎంబడి తిరిగిన.

గట్టయ్య మళ్ల చేసిండు. ఎత్తలే.

అరవై మూడోది వేరే ఫోల్డర్ల దొరికింది.
కింది నుంచి మీదికి చదువుకుంట పోయిన.
యాకూబ్ ఇంగ్లిష్ అక్షరాలల్ల తెలుగు పేర్లు పెట్టేటోడు,
మీటింగ్‌ల అందరం నవ్వినం అప్పుడు.
గేటుతియ్యి.
బస్తాలెన్ని.
రైతెవరు.
ఊరేది.
వరుస రెండువందల పద్నాలుగు.

ఊరేది అని అడిగింది.
జవాబు రాలే. పడిపోయింది.

రైతు: కోడెపాక ఓదేలు. బస్తాలు: ముప్ఫై.
ఊరు: తునికిబండ.
జాబితాల ఆ ఊరు లేదు.

"ఓపెన్‌కాస్టు కిందికి పోయింది గద మేడం,"
గట్టయ్య అన్నడు.
"ఊరు మీద ఇప్పుడు మట్టిగుట్ట.
వాగవతల రెండెకరాలు మిగిలినయి ఆయనకు,
ఆ మిర్చే ఇది."

ఆ వరుస ఎవరు తీసిన్రో చరిత్రల చూసిన.
నేనే.
మూడు వారాల కింద, బేస్తారం, పొద్దుమీకి ఆరింటికి.
"మనుషులు లేని ఊర్లు తొలగించడమైనది" అని
కింద నా చేతులతోనే రాసిన.

వరుస మళ్ల పెట్టిన.
ఊరేదిలకు పోయి రెండు మాటలు కలిపిన:
దొరకకుంటే పడిపోకు, అడుగు.

ఆరూ నలభైకి బండ్లు కదిలినయి.
ఓదేలు చీటీ చదివించుకున్నడంట.
ఊరి పేరు కాడ ఆపి, ఇంకోసారి చదువుమన్నడంట.
గట్టయ్య చెప్తే ఇన్న. నేనేం అనలే.

అరవై నాలుగో విడుదల పొద్దెక్కినంక పంపిన.
అన్ని పేర్లతోపాటు ఊరేది గూడ
మళ్ల ఒక్క అక్షరమై పోయింది.
పట్టీని మూడు చోట్ల దాచిన.
నాలుగో నకలు యాకూబ్‌కు పంపిన, ఎందుకో.
"ఇడ్లీలు అయిపోతున్నయి, వస్తవా" అని
జవాబు పెట్టిండు.