మొదటి వాన నీళ్ళు

హొరమావులో మూడో అంతస్తు.
మా కంపెనీ వాన నీళ్ళు పట్టే డ్రమ్ములు అమ్ముతుంది.
నేను డ్రమ్ము ఎప్పుడూ ముట్టుకోలేదు.
నా పని, ఊళ్ళోవాళ్ళ సైట్లలో
చచ్చిన లింకులు వెతకడం.

నొక్కితే ఏమీ తెరుచుకోని చోటు దొరికిందంటే
నాకు ఆ పూట గడిచినట్టే.
"అయ్యా, మీ పేజీలో పద్నాలుగో లింకు పనిచెయ్యట్లేదు,
దాని బదులు మాది పెట్టుకోవచ్చు."
ఎంత మెత్తగా రాసినా
పరామర్శకి వెళ్ళి
ఖాళీ అయిన వాటా అద్దెకిస్తారా అని
అడిగినట్టే ఉంటుంది.
వందకి నలుగురు జవాబిస్తారు.
అందులో ఇద్దరు తిడతారు.

మంగళవారం పదకొండింటికి ఓ విలేకరి మెయిలు:
నిపుణుడి మాట కావాలి, రెండు వాక్యాలు, రెండింటిలోగా.
ప్రభంజన్ సార్ ఫోనెత్తలేదు.
కింద పైపులు బిగిస్తున్న చౌడప్పని అడిగాను.
పళ్ళ మధ్య టేపు ముక్క తియ్యకుండానే
కోలారు తెలుగులో అన్నాడు:
"మొదటి వాన నీళ్ళు పట్టొద్దుమ్మా.
మిద్దె మొగం కడుక్కోనీ."

గురువారానికి అచ్చయింది.
మొగం ఇంగ్లీషులోకి పోయింది.
చౌడప్ప పోయి ప్రభంజన్ అయ్యాడు,
వ్యవస్థాపకుడు, జలనిపుణుడు.
పేరు కింద నీలం గీత.
ఆ గీత కోసమే మూడు నెలలుగా కాచుక్కూచున్నాం.
అయ్యంగార్ బేకరీ నుంచి దిల్‌పసంద్ తెప్పించారు.
చౌడప్పకీ ఓ ముక్క ఇచ్చాను, ఎందుకో చెప్పకుండా.
"ఎవురి బర్త్‌డే?" అన్నాడు.

ఆ సాయంత్రమే
పద్నాలుగో లింకు పెద్దాయన జవాబు.
శ్రీకంఠయ్య, త్యాగరాజనగర.
"అది మా వీధిలో ఒకాయన రాసుకున్న వాన లెక్క.
ఇరవై రెండేళ్ళు, రోజూ పొద్దున్న ఎనిమిదిన్నరకి,
మేడ మీద ఒక గాజు గొట్టం.
ఏడాది డబ్బు కట్టడం మర్చిపోతే సైటు పోయింది.
పోయిందని నాకు తెలుసు.
అక్కడ మీ డ్రమ్ములు పెట్టను."

తిట్లేం లేవు. అదే ఇబ్బంది.

రాత్రి పదిన్నర దాకా కూచుని
పాత కాపీలు దాచే చోట ఆ లెక్క పట్టుకున్నాను.
అక్టోబరు తొమ్మిది: ముప్పై ఒక్క మిల్లీమీటర్లు. కరెంటు లేదు.
పది: చినుకు. గొట్టం తడిసింది, అంతే.
పదకొండు: ఊళ్ళో లేను. పక్కింటి పిల్ల చూసింది, సున్నా అంది, నమ్ముతున్నాను.

ఆ చిరునామా ఆయనకి పంపాను.
మాది అడగలేదు.

పొద్దున్నే షీటు తెరిచి
ఈ గడి ఖాళీగా ఉందేం అన్నాడు ప్రభంజన్.
మొదటి వాన నీళ్ళు సార్, పట్టలేదు, అన్నాను.
జలనిపుణుడికి
అర్థం కాలేదు.