మూడు మూలల స్క్రూ

ఎట్లుందో చెప్పమని అడగతాది ఫోను
అయిదు చుక్కలు చూపించి.
చుక్కలు నేనెప్పుడో చూసినా,
నాకు కావాల్సింది మాటలు.

కొర్లగుంట మూడో సందులో
పదిహేడేండ్లుగా దోసెపిండి అమ్మతాండా.
కోయంబత్తూరు గ్రైండరు, నల్లరాయి.
దాని గురగురకి అలవాటుపడి
ఎదురింటి పసిబిడ్డ ఆదివారం నిద్దరపోడు.
అది ఒకదినం, సగం నలిగిన మినప్పప్పు మీద
గమ్మున నిలబడిపోయింది.

లీలామహల్ కాడ అంగడాయన కొత్తది చూపించినాడు,
కుంకుమ బరిణె మాదిరి ఎర్రంగా.
ఫోన్లోనే తిప్పచ్చంట,
బస్సులో కూచోని పిండి రుబ్బచ్చంట.
బస్సులో కూచోని నేనెందుకు రుబ్బాల నాయినా,
పప్పు నానిందో లేదో చెప్పాల్సింది వేలు గదా?
నవ్వినాడు. నెలకి తొమ్మిదొందలే అన్నాడు.
తొమ్మిదొందల చివర ఆ 'లే' ఉందే,
ఊరంతా దానిమీదే బతకతాండాది.

తెచ్చినా. దాచేదేముంది, తెచ్చినా.
పాతదానికి వెయ్యి తగ్గించినారు.
నలబై దినాలు బాగానే రుబ్బింది.
నలబై ఒకటో దినం ఎర్ర దీపం మూడుతూర్లు మినుక్కుమనింది,
అంతే.
వారంటీ ఉండాది, ఇరవై దినాలు పడతాది అన్నారు.
ఇరవై దినాలు ఇడ్లీ తినకుండా ఉంటాదా కొర్లగుంట?

దస్తగిరి వచ్చినాడు, సంచి విప్పినాడు.
డబ్బా తిరగేసి చూసి, సంచి మూసినాడు.
"స్క్రూకి మూడు మూలలుండాయక్కా.
నాకాడుండేవి గీతవీ, కూడికవీ.
ఇది కంపెనీవాడు తప్ప ఎవురూ తెరవకూడదని పెట్టింది."

ముప్పై ఏండ్లు మోటర్లకి రాగితీగ చుట్టిన చెయ్యి అది.
వేలిముద్ర అరిగిపోయి
రేషనంగట్లో మిషను "నువ్వెవురు" అంటాది ఆయన్ని.
ఆ చెయ్యి ఎర్ర డబ్బా మీద
పరాయింటి వాకిట్లో నిలబడినట్టు నిలబడింది.

అప్పుడొచ్చింది నాకీ అభిప్రాయం.
గొప్పదేం కాదు, పిండి కొలిచే చెంబంత:
దుడ్డు నేను కట్టి, తెరిచే హక్కు వాడు పెట్టుకుంటే
అది కొన్నట్టా, బాడుగకి తెచ్చుకున్నట్టా?

మిద్దెమీదుండే జ్ఞానప్రసూనని అడిగినా.
రేణిగుంట దావలో ఫోన్ల కంపెనీ, రాత్రి షిఫ్టు.
రెండువేల మూడొందల స్క్రూలంట ఒక షిఫ్టుకి.
విప్పేది నేర్పించినారా పాపా అంటే
కండ్లు నలుపుకుంటా ఆలోచించి
"విప్పే లైను లేదక్కా మాకాడ" అనింది.
తన ఫోను అద్దం పగిలి మూడు నెలలు.
బాగుచేసేదానికి సగం జీతం అడిగినారంట.

తిట్టేది సులబం. నేను తిట్టను.
గ్రైండరొచ్చినాకనే మాయమ్మ భుజం నొప్పి పోయింది.
రోలే మేలనేవాళ్ళు
రోటి ముందర ఒక్క పూటా కూచోనోళ్ళు.
దుడ్డు పడిందని అరిచే డబ్బా నా కొట్లోనూ ఉండాది,
అదొచ్చినాక మా ఆయన అబద్దాలు సగానికి తగ్గినాయి.

ఇంగొకటి, సిగ్గిడిచి చెప్తా.
ఆ మూడు మూలల స్క్రూడ్రైవరు
నేను ఫోన్లోనే తెప్పించినా.
నూటపది రూపాయలు, ఏ దేశంలో చేసిందో.
వానలో తడిసొచ్చిన పిల్లోడు
"అయిదు చుక్కలివ్వక్కా" అన్నాడు.
ఇచ్చినా, ఆ తడిసిన చొక్కాకి.

దస్తగిరి తెరిచినాడు.
అంత డబ్బాలో అగ్గిపెట్టంత పచ్చ బిళ్ళ ఒకటి కాలిపోయుండాది.
"మోటరు మణి మాదిరుంది. తెలివి ఎక్కువై పోయిందక్కా."
రెండు తీగలు నేరుగా కలిపి,
సంచిలోనుంచి ఎవురిదో పాత స్విచ్చి
పక్కన బొక్కేసి బిగించినాడు.

ఇంకా పదకొండు కంతులు బాకీ.
రోజూ సందకాడ ఫోను అడగతాది:
"మీ గ్రైండరు కనపడటం లేదు. వెతకమంటారా?"
మూడడుగుల దూరంలో అది ఇల్లదిరేటట్టు తిరగతాంటాది.
'వద్దు' అనే మాట దాంట్లో పెట్టలేదు.
'సరే' ఉండాది, 'తరవాత' ఉండాది.

'తరవాత' నొక్కి
పిండిలో వేలు పెట్టి చూస్తా.